సికిల్ సెల్‌కు జన్యు సవరణ చికిత్స: మన సరిహద్దు ఊళ్లవారు ఎంతవరకు ఆశించవచ్చు?

ప్రశ్న – సిరొంచ ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను తెలంగాణ సరిహద్దున ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. మా బడి పిల్లలకు ఇటీవల సికిల్ సెల్ (వారసత్వంగా వచ్చే రక్త జబ్బు) పరీక్షలు చేశారు. ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కొక్కరి వేలి కొసన తీసిన రక్తపు చుక్కను చిన్న గొట్టంలోని ద్రావణంలో కలిపి, కాసేపు ఆగి, గొట్టం వెనుక నల్ల గీతలున్న కాగితం పట్టుకొని చూశారు. గీతలు స్పష్టంగా కనిపించిన పిల్లలను తరగతికి పంపేశారు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకుండా పోయిన పిల్లల పేర్ల పక్కన గుర్తు పెట్టుకొని, వారి రక్తాన్ని సిరంజితో తీసి పెద్ద పరీక్షకు పంపించారు.

ఫలితాలు వచ్చాక తల్లిదండ్రులను పిలిచి మాట్లాడాము. గోండు, మాడియా ఆదివాసీ కుటుంబాలవారూ, మన తెలుగు కుటుంబాలవారూ వచ్చారు. జన్యువును కత్తిరించి ఈ జబ్బును నయం చేసే వైద్యం అమెరికాలో వచ్చిందని ఒక తండ్రి ఫోనులో చూశాడట. తన కూతురికి ఆ వైద్యం చేయిస్తే ఆమెకు పుట్టబోయే పిల్లలకు కూడా జబ్బు రాకుండా పోతుందా అని అడిగాడు. అలాంటి కొత్త వైద్యాలను మొదట అడవి ప్రాంతాల జనం మీదే పరీక్షిస్తారేమోనని ఒక పెద్దాయన అనుమానం వెలిబుచ్చాడు. ఒక చిన్న వయసు తల్లి మాత్రం, రెండు మూడేళ్లలో పూర్తిగా నయం చేసే మందు వస్తున్నప్పుడు ఇప్పటి నుంచి రోజూ మాత్రలు మింగించడం ఎందుకని అడిగింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ మూడో మాటే.

వీరికి నేను చెప్పే సమాధానం నిజమై ఉండాలి, వారి ఆశను తుంచేదిగా ఉండకూడదు. ఈ విషయం తెలిసినవారు, ముఖ్యంగా ఇంట్లో ఈ జబ్బును చూసినవారు, దయచేసి వివరంగా రాయండి.

సమాధానం – బల్లార్షా, జీవశాస్త్ర అధ్యాపకురాలు

మాస్టారూ, ఆ తండ్రి విన్న వార్త నిజమే కానీ, అందులో సగమే ఆయన దాకా చేరింది.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల సికిల్ సెల్ వస్తుంది. ఆ మార్పుతో గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ చేరుతుంది. ప్రాణవాయువు తగ్గిన చోట అలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవాటి పోగులుగా ఏర్పడి, గుండ్రని ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కొని రక్తం పారకుండా అడ్డుపడటమే ఆ భయంకరమైన ఎముకల నొప్పులకు కారణం.

ఇప్పుడు ఆమోదం పొందిన క్రిస్పర్ (జన్యువును కత్తిరించే పద్ధతి) చికిత్స ఆ మారిన అక్షరాన్ని దిద్దదు. ఈ సంగతి పత్రికల్లో వార్త చదివినవారిలో కూడా చాలామందికి తెలియదు. కడుపులో ఉన్న శిశువు రక్తంలో వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోయి దాని స్థానంలో పెద్దల హిమోగ్లోబిన్ వస్తుంది. జబ్బుతో పుట్టిన పిల్లలకు కూడా మొదటి ఆరు నెలల వరకు సాధారణంగా బాధలు కనిపించకపోవడానికి కారణం అదే. శిశు హిమోగ్లోబిన్‌ను అణచివేసేది బీసీఎల్11ఏ అనే జన్యువు. రోగి రక్తంలోంచి, రక్తాన్ని తయారుచేసే మూల కణాలను వేరుచేసి, ఆ జన్యువు రక్తకణాల్లో పనిచేయడానికి అవసరమైన భాగాన్ని ప్రయోగశాలలో కత్తిరించి, ఆ కణాలనే తిరిగి రోగికి ఎక్కిస్తారు. అప్పుడు పెద్దవారి ఒంట్లో కూడా శిశు హిమోగ్లోబిన్ మళ్ళీ తయారై, కణాలు వంగకుండా కాపాడుతుంది.

ఈ కత్తిరించే పద్ధతిని 2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా వెలువరించారు, 2020లో వారికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మిసిసిపీ రాష్ట్రానికి చెందిన విక్టోరియా గ్రే అనే మహిళ 2019లో అమెరికాలో సికిల్ సెల్‌కు ఈ చికిత్స పొందిన తొలి వ్యక్తి. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దీనికి క్యాస్‌జెవీ అనే పేరుతో, 12 ఏళ్లు నిండినవారికి అనుమతినిచ్చాయి. అమెరికా అనుమతికి ఆధారమైన పరీక్షలో తగినంత కాలం గమనించగలిగిన 31 మందిలో 29 మందికి వరుసగా కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి ఒక్కటీ రాలేదు. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ చికిత్స కోసం రోగి ఏమేమి భరించాలో కూడా చెప్పాలి. మూల కణాలను సేకరించడానికి ఒకటి కంటే ఎక్కువసార్లు ఆసుపత్రికి వెళ్ళవలసి రావచ్చు. కణాలను సవరించి, పరీక్షించి తెచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఆ తరువాత ఎముక మజ్జలోని పాత కణాలను తొలగించడానికి బుసల్ఫాన్ అనే బలమైన కీమో మందు ఇస్తారు. కొత్త కణాలు నిలదొక్కుకొనే వరకు వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండాలి. ఆ మందు వల్ల సంతానశక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక ముందుగానే అండాలనో వీర్యాన్నో భద్రపరచుకొమ్మని సలహా ఇస్తారు. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి మారకం ప్రకారమే మన డబ్బులో 18 కోట్ల రూపాయలకు పైమాట.

ఇక ఆ తండ్రి అడిగిన ప్రశ్న. సవరణ జరిగేది రక్తాన్ని తయారుచేసే మూల కణాల్లో మాత్రమే. అండాల్లో, వీర్యకణాల్లో ఉన్న జన్యువు ఎప్పటిలాగే ఉంటుంది. ఆ అమ్మాయికి చికిత్స జరిగి ఆమె నొప్పులు పూర్తిగా పోయినా, ఆమె పిల్లల్లో ప్రతి ఒక్కరికీ తల్లి నుంచి ఒక సికిల్ జన్యువు వస్తుంది. భర్తకు ఆ జన్యువు లేకపోతే పిల్లలు వాహకులు (ఒక్క సికిల్ జన్యువే ఉన్నవారు) మాత్రమే అవుతారు, రోగులు కారు. తరతరాలకూ పోయేలా పిండంలోనే సవరించడం వేరే విషయం. 2018లో చైనాలో హె జియాన్‌క్వీ అనే శాస్త్రవేత్త హెచ్ఐవీ సోకకుండా ఉండాలని పిండాలను సవరించి కవల ఆడపిల్లలు పుట్టేలా చేశాడు. ప్రపంచమంతా ఖండించింది, మరుసటి ఏడాది అక్కడి న్యాయస్థానం అతనికి మూడేళ్ల జైలుశిక్ష వేసింది. మన దేశంలో కూడా వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం అలాంటి సవరణ నిషిద్ధం. పిండంలో పొరపాటున మరోచోట కోత పడితే, ఆ ఫలితాన్ని అనుభవించే మనిషి ఇంకా పుట్టనేలేదు కనుక వద్దనే అవకాశం కూడా ఆ మనిషికి ఉండదు. నా దృష్టిలో ఆ నిషేధం న్యాయమైనదే.

సమాధానం – అహేరి, ఒక తల్లి

నా కొడుకుకు ఈ జబ్బు ఉంది. పైన అధ్యాపకురాలు అక్క రాసినదంతా శ్రద్ధగా చదివాను. ఆమె చెప్పిన ప్రమాదాలను నేను కాదనను. కానీ ఆశ పెట్టుకోవద్దని మాత్రం మాలాంటివారికి ఎవరూ చెప్పకూడదని కోరుతున్నాను.

నొప్పి వచ్చినప్పుడు మా వాడు ఏడవడు. మోకాలి కింద ఎముకను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, గోడ వైపు తిరిగి, ఎవరు పిలిచినా పలకకుండా ఉండిపోతాడు. వాడు మౌనంగా ఉన్నాడంటే నాకు భయం వేస్తుంది. ఈతకు వెళ్ళి చల్లటి నీళ్లలో నానినా, ఎండలో ఆడి నీళ్లు తాగడం మరిచిపోయినా, జ్వరం తగిలినా ఆ రాత్రి మాకు నిద్ర ఉండదు. వానాకాలంలో వాగులు పొంగి దారి తెగిపోతే, రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు ఎక్కడికి పరుగెత్తాలో తెలియక చేతులు ఆడవు.

సిరొంచలోని ఆ చిన్న తల్లికి నా మాటగా ఇది చెప్పండి మాస్టారూ. డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా మాత్రలు మొదలుపెట్టిన తరువాత మా వాడికి నొప్పులు బాగా తగ్గాయి, బడికి క్రమం తప్పకుండా వెళ్ళగలుగుతున్నాడు. మందు సరఫరా నిలిచిపోయిన రోజుల్లో ఆ తేడా ఇంకా స్పష్టంగా తెలిసింది. మేము మంచిర్యాల వెళ్ళి బయట కొనుక్కోవలసి వచ్చింది, కొనలేని ఇళ్లవాళ్లు ఊరికే ఉండిపోయారు. రేపు వచ్చే వైద్యం కోసం ఈ రోజు మాత్ర మానేస్తే ఎలా? ఆ వైద్యం వచ్చే నాటికి పిల్లవాడి మూత్రపిండాలూ, తుంటి ఎముకలూ దాన్ని తట్టుకునే స్థితిలో ఉండాలి కదా!

నాకున్న సందేహం వేరు. ఆ చికిత్స నిజంగా మన దాకా వస్తే, సంతానం కలగకపోవచ్చనే షరతు మీద నా కొడుకు తరఫున నేను సంతకం చేయవచ్చునా? వాడు ఇప్పుడు నొప్పి పోతే చాలంటాడు. ఇరవై అయిదేళ్ల వయసులో పెళ్లి మాటలు నడిచేటప్పుడు ఇదే మాట అంటాడా? ఈ ప్రశ్నకు డాక్టర్ల దగ్గర కూడా నాకు సమాధానం దొరకలేదు.

సమాధానం – ఏటపల్లి, ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న కార్యకర్త

ఆ పెద్దాయన అనుమానాన్ని మనం అజ్ఞానమని కొట్టిపారేయకూడదు. ఆయన అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న.

మన జిల్లా అనుభవమే తీసుకుందాం. గడ్చిరోలిలో 'సెర్చ్' సంస్థను స్థాపించిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980లలో ఇక్కడి గిరిజనుల్లో సికిల్ సెల్ ఎక్కువగా ఉందని సర్వే చేసి చూపించారు. అయితే ఆ పరిశోధన జనం తమ అవసరంగా భావించినది కాదనీ, జనాన్ని అడిగి మొదలుపెట్టవలసిందనీ తరువాత అభయ్ బంగ్ స్వయంగా చెప్పారు. అంత నిజాయితీగా ఆలోచించేవారు ఎప్పుడూ ఉంటారని మనం ఆశించలేము. అమెరికాలో హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగవారు మధుమేహం గురించిన అధ్యయనం కోసమని 1990లలో ఒక విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు. ఆ నమూనాలను తమకు చెప్పకుండా మానసిక వ్యాధుల గురించి, తమ పూర్వీకుల వలసల గురించి జరిగిన ఇతర పరిశోధనలకూ వాడారని తెలిసి వారు న్యాయస్థానానికి వెళ్ళారు. 2010లో ఆ విశ్వవిద్యాలయం పరిహారం చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను వారికి తిరిగి ఇచ్చివేసింది.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. నలభై ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలనీ, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం మంచిదే. కానీ ఆ పరీక్షల కోసం ఇచ్చిన రక్తాన్ని ఆ తరువాత ఏం చేస్తారు, ఫలితాన్ని ఎవరు చూడగలరు అనేది ఊళ్లో ఎవరికి చెబుతున్నాం? నేను చూసిన అంగీకార పత్రాలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మాడియా మాట్లాడే తల్లి, తెలుగు మాత్రమే చదవగలిగిన తండ్రి వాటి మీద వేలిముద్ర వేస్తున్నారు. పైగా బడిలో పేరు పక్కన గుర్తు పడిన ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని ఇళ్లల్లో అప్పుడే భయం మొదలవుతుంది. వాహకులకు సాధారణంగా ఏ అనారోగ్యమూ ఉండదు, అయినా ఆ భయం పోదు. మాస్టారు అలాంటి పిల్లల పేర్లు తరగతిలో ఎవరి నోటా వినిపించకుండా చూడాలని నా విజ్ఞప్తి.

జన్యు సవరణ వద్దని నేను అనడం లేదు. ఎవరి ఒంటి మీద ట్రయల్ జరిగిందో వారికి, ఆ చికిత్స విజయవంతమైన తరువాత అది ఉచితంగానో భరించగల ధరకో అందుతుందని ముందుగానే రాతపూర్వకంగా హామీ ఇస్తే తప్ప, మా గ్రామసభల్లో నేను ఎవరినీ ఒప్పించలేను.

సమాధానం – రాజురా, పిల్లల వైద్యుడు

కార్యకర్త మిత్రుడి ఆవేదనతో నేను ఏకీభవిస్తాను, చివరి షరతు విషయంలో మాత్రం కొంచెం భిన్నంగా ఆలోచిస్తున్నాను. మన ప్రాంతంవారు ట్రయల్స్‌లో లేకపోతే, మన రోగుల్లో ఆ చికిత్స ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మన దేశంలోని సికిల్ రోగుల్లో చాలామందికి శిశు హిమోగ్లోబిన్ సహజంగానే కొంత ఎక్కువగా ఉంటుంది, మన దగ్గర మలేరియా ఉంది, పిల్లల్లో పోషణ లోపం ఉంది. అమెరికా ఆసుపత్రిలో వచ్చిన ఫలితం అహేరిలో కూడా అలాగే వస్తుందని అనుకోలేము. 2019 నాటి కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు రోగికి ఉంది. ఆ హక్కును అమలు చేయించడానికి మీలాంటివారు పక్కన నిలబడాలి.

ధర తగ్గుతుందనే ఆశకు ఆధారాలు ఉన్నాయి. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే రక్త క్యాన్సర్ కణ చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. విదేశాల్లో అలాంటి చికిత్సకు అయ్యే ఖర్చులో సుమారు పదో వంతుకే అది అందుతోంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో హిమోఫీలియా-ఏ (రక్తం గడ్డకట్టని జబ్బు) ఉన్న 5 మందికి చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. అది జన్యువును కొత్తగా చేర్చే చికిత్స, సవరణ కాదు. కానీ మూల కణాలను తీసి, మార్చి, తిరిగి ఎక్కించే పని మన వైద్యులకు చేతనవుతుందని అది నిరూపించింది. సికిల్ సెల్ విషయానికి వస్తే, ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సొంతంగా రూపొందించిన క్రిస్పర్ చికిత్సకు ఆదివాసీ వీరుడు బిర్సా ముండా పేరు మీద 'బిర్సా 101' అని పేరు పెట్టారు. 2025 నవంబరులో ఆ సాంకేతికతను టీకాలు తయారుచేసే సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగిస్తున్నట్లు ప్రకటించారు. ఆ వార్త చదివి మా క్లినిక్‌కు వచ్చి మందు ఎప్పుడు ఇస్తారని అడుగుతున్నారు. అది సాంకేతికత బదిలీ గురించిన ప్రకటన మాత్రమే. ఆసుపత్రిలో రోగికి అందే చికిత్స కావాలంటే ట్రయల్స్, అనుమతులు దాటాలి.

అహేరి చెల్లెమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది. కొడుకు తరఫున చట్ట ప్రకారం సంతకం మీరే చేస్తారు, కానీ అతని సమ్మతి కూడా తీసుకోవాలి. వీర్యాన్ని ముందే భద్రపరచడానికి వీలుంటే భద్రపరచాలి, వీలు లేకపోతే నొప్పుల తీవ్రతను బట్టి ఆగడం తప్పు కాదు. ఆగడానికి మరో కారణం కూడా ఉంది. 2025లో ఫిలడెల్ఫియాలో కేజే అనే పసివాడికి అరుదైన కాలేయ సంబంధ జన్యు లోపాన్ని కీమో లేకుండా, సవరణ మందును నేరుగా నరంలోకి ఎక్కించి చికిత్స చేశారు. రక్త మూల కణాలను కూడా అలా ఒంట్లోనే సవరించాలని పరిశోధనలు సాగుతున్నాయి. అది సాధ్యమైతే బుసల్ఫాన్ అవసరం ఉండదు. అప్పటివరకు హైడ్రాక్సీయూరియా ఆపవద్దు, రక్త పరీక్షలు మానవద్దు. ఆ మాత్ర కూడా శిశు హిమోగ్లోబిన్‌ను పెంచే పనే చేస్తుంది.

సిరొంచ ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. సమావేశంలో బయటికి చెప్పని మరో సంగతి కూడా నా దగ్గరకు వచ్చింది. ఒక ఇంట్లో అన్న కొడుకుకూ, చెల్లెలి కూతురికీ పెళ్లి చేయాలని చిన్ననాటి నుంచీ అనుకుంటున్నారు. ఇద్దరూ వాహకులని అనుమానంగా ఉంది. పిండంలో సవరణ మన దేశంలో నిషిద్ధమైతే, ఈ మేనరికం మానుకోవడం తప్ప వారికి వేరే దారి లేదా?

సమాధానం – రాజురా, పిల్లల వైద్యుడు

ఉంది, అందులో జన్యు సవరణ అవసరమే లేదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక తరువాతి ముగ్గురూ క్షేమమని లెక్క వేసుకోకూడదు. ప్రతిసారీ అదే పాతిక శాతం. గర్భం వచ్చిన మూడో నెలలో మాయ నుంచి కొద్దిగా కణజాలం తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడవచ్చు. లింగ నిర్ధారణను నిషేధించిన చట్టమే హిమోగ్లోబిన్ వ్యాధుల కోసం ఈ పరీక్షను అనుమతిస్తోంది. ఆ ఫలితం తరువాత ఏం చేయాలనేది ఆ దంపతుల నిర్ణయం. పెళ్లే మానుకోవాలా అన్నదీ వారి నిర్ణయమే, కులపెద్దలదీ మనదీ కాదు.

ముందుగా అనుమానం తీర్చుకోమనండి. బడిలో చేసిన గొట్టం పరీక్ష వాహకులకూ రోగులకూ తేడా చెప్పలేదు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే పరీక్ష) నివేదికలో 'ఎస్' అంటే సికిల్ హిమోగ్లోబిన్ సుమారు 30 నుంచి 40 శాతం ఉండి, 'ఏ' అంటే మామూలు హిమోగ్లోబిన్ అంతకంటే ఎక్కువగా ఉంటే సాధారణంగా వాహకులు. 'ఏ' హిమోగ్లోబిన్ దాదాపు లేకుండా 'ఎస్' ఎక్కువగా ఉంటే రోగి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకొని ఉంటే ఆ అంకెలు తారుమారవుతాయి కనుక ఆ సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పాలి. ఇద్దరి నివేదికల్లో బీటా థలసీమియా (హిమోగ్లోబిన్‌కు సంబంధించిన మరో వారసత్వ జబ్బు) లక్షణం ఉందేమో కూడా చూడాలి. ఒకరికి సికిల్, మరొకరికి థలసీమియా ఉన్నా బిడ్డకు ముప్పు అంతే. నివేదికలు రాగానే నాకు వ్యక్తిగత సందేశంగా పంపండి, పేర్లు కొట్టేసి పంపండి.